అమ్మకు ప్లేట్‌లెట్స్ ఇవ్వడానికి ముందుకొచ్చిన 11 మందికి, మా తమ్ముడికి

గత శుక్రవారం అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. ఆ రోజే ఈ నాలుగు మాటలు రాయాలనుకున్నాను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఏడుపొచ్చి ఆపేశాను. ఈ రోజు ఎలాగైనా పూర్తి చేస్తాను.

అమ్మకు అక్యూట్ లుకేమియా, అంటే వేగంగా ముదిరే రక్త క్యాన్సర్ అని తేలిన మూడో రోజే కీమో మొదలైంది. రోగ కణాలతో పాటు ఎముక మజ్జలో రక్తం తయారయ్యే పని కూడా కొన్ని వారాలు ఆగిపోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. రక్తం గడ్డకట్టేలా చేసే ప్లేట్‌లెట్స్ మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉండాలి, అమ్మకు 8,000కి పడిపోయాయి. 10,000 కంటే తగ్గితే ఏ దెబ్బా తగలకపోయినా లోపల రక్తస్రావం కావచ్చట. ఆ ఉదయం అమ్మ నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎర్రగా వచ్చాయి.

నేను వెంటనే చెయ్యి చాచాను. నాదీ అమ్మదీ ఒకటే గ్రూపు. కానీ డాక్టరు వద్దన్నారు. రేపు మజ్జ మార్పిడి అవసరమైతే దాతలుగా ముందు చూసేది మమ్మల్నేనట. ఇప్పుడే మా రక్తం ఎక్కిస్తే, అమ్మ శరీరం దానికి వ్యతిరేకంగా ముందుగానే తయారై కూర్చునే ప్రమాదం ఉందట. కాబట్టి బయటివాళ్లే రావాలి. కన్న కూతురి రక్తం పనికిరాని చోట ఎవరో రావాలి. పైగా ప్లేట్‌లెట్స్ దాచిపెట్టుకుందామంటే కుదరదు, అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు. దాదాపు నాలుగు వారాల పాటు మళ్లీ మళ్లీ మనుషులు కావాల్సి వచ్చింది.

తెచ్చింది మా తమ్ముడు.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. తమ్ముడు చర్చికి రావడం మానేసి చాలా ఏళ్లయింది. దేవుడున్నాడని తనకు నమ్మకం లేదని అమ్మ ముందే చెప్పాడు. అప్పటి నుంచి నేను వాణ్ణి ఒకటే మాటతో పొడుస్తూ వచ్చాను: "ఎన్ని మంచి పనులు చేస్తే ఏం లాభం రా, విశ్వాసం లేకపోయాక?" నా దగ్గర వాక్యాలు ఉన్నాయి. మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లే, క్రియల వల్ల కాదని బైబిల్లోని రోమా పత్రికలో, అంటే రోమీయులకు రాసిన ఉత్తరంలో, పౌలు రాశాడు. వాడు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. మాట మార్చి అమ్మ మందుల గురించి అడిగేవాడు.

ఆ రాత్రి వాడు ఎంతమందికి ఫోన్ చేశాడో నాకు తెలియదు. తెల్లారేసరికి ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఒకాయన అంతకు రెండు రోజుల ముందు తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకున్నారని పరీక్షలో ఆపేశారు, దాంతో ప్లేట్‌లెట్స్ సరిగ్గా పనిచేయవట. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చిన మనిషి! ఆయన ఇంటికి వెళ్లకుండా అక్కడే బెంచీ మీద కూర్చుని, తనకు బదులుగా ఇంకో ఇద్దర్ని పిలిపించి, వాళ్లు వచ్చాకే కదిలారు. అన్నా, మీ ప్లేట్‌లెట్స్ అమ్మకు ఎక్కలేదు కానీ ఈ 11 మందిలో మిమ్మల్నే నేను మొదట లెక్కపెట్టుకున్నాను.

రెండో ఆయన మెషీన్ దగ్గర గంటన్నర పడుకున్నారు. రక్తం తీసి, తిప్పి, ప్లేట్‌లెట్స్ మాత్రం ఉంచుకుని మిగతాది తిరిగి ఒంట్లోకి పంపుతారు. ఆ సమయంలో వాడే మందు వల్ల పెదాలు తిమ్మిరెక్కుతాయి. "నొప్పిగా ఉందా?" అని అడిగితే, "అమ్మగారికి కౌంట్ ఎంతుంది?" అని ఆయనే నన్ను అడిగారు. ఆయన ముస్లిం. ఒక్క ప్రాణాన్ని కాపాడితే మానవాళి మొత్తాన్నీ కాపాడినట్టేనని ఖురాన్ అయిదో అధ్యాయంలో ఉందని, చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు నేర్పారని చెప్పారు. తర్వాత వచ్చిన అమ్మాయి కళ్లు మూసుకుని లలితా సహస్రనామం చదువుకుంటూ పడుకుంది. ఇంకొకరు తమ్ముడిలాగే ఏ దేవుణ్ణీ నమ్మరు. ఆయన పక్షం రోజుల్లో రెండుసార్లు ఇచ్చారు.

మా ప్రార్థన బృందానికి కూడా మనసారా వందనాలు. మీ ప్రార్థనలు అమ్మకు ఎంత ధైర్యమిచ్చాయో దగ్గరుండి చూశాను. మీలో ఒక అక్క ఫోన్‌లో ప్రార్థన ముగించి "ఆమేన్" అన్న వెంటనే "ఏ గ్రూపు కావాలి చెల్లీ?" అని అడిగి, సాయంత్రానికల్లా వాళ్లబ్బాయిని తీసుకొచ్చారు. ఆ ప్రశ్న నేను మర్చిపోలేను. ఎందుకంటే నేనెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. ఎంతమంది కష్టం చెప్పుకుంటే "ప్రార్థన చేస్తాను" అని ఫోన్ పెట్టేశానో! కొన్నిసార్లు ఆ ప్రార్థన కూడా చేయలేదు.

వార్డు బయట కూర్చుని బైబిల్లోనే ఉన్న మరో ఉత్తరం, యాకోబు పత్రిక మళ్లీ చదివాను. ఒంటి మీద బట్ట లేనివాడికి ఏమీ ఇవ్వకుండా "వెళ్లి చలి కాచుకో" అంటే ఏం ప్రయోజనమని అడుగుతాడు యాకోబు. క్రియలు లేని విశ్వాసం మృతం అంటాడు. ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్‌కే ఈ పత్రిక మింగుడుపడలేదు, 1522లో దీన్ని గడ్డి పత్రిక అన్నాడు. విశ్వాసమా క్రియలా అనే ఆ గొడవ శతాబ్దాలు నడిచింది. చివరికి 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కేథలిక్కులూ కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. రక్షణ దేవుని కృప వల్లే, సత్క్రియలు దానికి ఫలాలు అని అందులో ఉంది. నేను ఆ మాట నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతాను, నా విశ్వాసం సడలలేదు. కానీ పండు కళ్లెదుట కనిపిస్తుంటే, ఇది నా చెట్టుది కాదు కాబట్టి పండే కాదని ఇన్నాళ్లూ వాదించాను. అది తప్పు.

మంచి సమరయుడి కథలో గాయపడినవాణ్ణి చూసి యాజకుడు పక్కనుంచి పోయాడు, ఆలయ సేవకుడైన లేవీయుడూ పోయాడు. ఆగినవాడు సమరయుడు. యూదుల లెక్కలో అతను యెరూషలేమును కాదని తప్పుడు కొండ మీద ఆరాధించేవాడు. అతని ఆరాధన సరైనదా కాదా అని యేసు ఆ కథలో ఒక్క మాట కూడా అడగలేదు. పొరుగువాడు ఎవరు అని మాత్రమే అడిగాడు. నా చిన్నప్పటి నుంచి విన్న కథే ఇది, కానీ నేనెప్పుడూ నన్ను సమరయుడి వైపు పెట్టుకునే విన్నాను.

దేవుడి ముందు ఎవరి విశ్వాసం ఎంతో తేల్చే పని నాది కాదు. మంచం మీదున్న మా అమ్మకు మాత్రం ఆ రాత్రి కావాల్సింది ఒక మనిషి చెయ్యి చాచడం. 11 మంది చాచారు. మీ అందరికీ పాదాభివందనం.

తమ్ముడూ, నిన్ను అన్నేళ్లు అన్న మాటలకు క్షమించు. ఇది నీ ఎదుట చెప్పాను, నువ్వు మళ్లీ మాట మార్చేశావు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

వచ్చే వారం అమ్మకు రెండో విడత కీమో. మళ్లీ కౌంట్ పడిపోతుంది. ఈసారి ఫోన్లు నేను చేస్తాను. రక్త సంబంధం లేని ఇంకో అమ్మకు నా ప్లేట్‌లెట్స్ ఇవ్వవచ్చా అని అడిగితే, పరీక్షలు చేసి సరేనన్నారు, బుధవారం రమ్మన్నారు.

పదకొండో బ్యాగు బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చింది. ఇచ్చిందెవరో మాకు తెలియదు. దాని మీద గ్రూపు, తేదీలు, ఒక నంబరు, అంతే. అమ్మ ఆ నంబరును తన బైబిల్ చివరి పేజీలో రాయించుకుంది. రాత్రి ప్రార్థనలో మా అందరి పేర్ల తర్వాత ఆ నంబరు కూడా చదువుతోంది.