చిట్టి నోరు ఒకసారి తెరిచి చూడరా

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్లో నీ మాటలు సగం హారన్లలోనే పోయాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మీ పిల్లి చిట్టి, గిన్నె దగ్గరికి ఆత్రంగా వస్తోంది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని వదిలేసి, తల ఓ పక్కకి వంచి వెళ్లిపోతోంది అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఆకలి లేని పిల్లి అసలు గిన్నె దగ్గరికే రాదు. ఆకలుండీ తినలేకపోతోందంటే నోట్లో ఏదో బాధ పెడుతోందన్నమాట. పైగా నోరు వాసన అంటున్నావు. పిల్లి నోరు వాసన రాకుండా ఉంటుందా అని మీ పక్కింటాయన అన్నారట, ఆ మాట పట్టించుకోకు. తిన్న చేప వాసన కాసేపు ఉంటే ఉంటుంది గానీ, బాగున్న నోటికి కుళ్లు కంపు రాదు.

పిల్లి నొప్పిని బయటపెట్టదురా. పన్ను లోపల పాడైపోతున్నా దొరికింది ఒక వైపుతో మింగేస్తూ, మామూలుగానే తిరుగుతుంది. మనమే కనిపెట్టాలి. ఒళ్లు నాక్కోవడం తగ్గి వీపు మీద బొచ్చు ఉండలు కట్టడం, చొంగ కారడం, ముందుకాలితో మూతి గీరుకోవడం, నిమరబోతే మొహం తిప్పేసుకోవడం. వీటిలో చిట్టికి ఎన్ని ఉన్నాయో ఈ రెండు రోజులూ గమనించు.

మా పిల్లి బుడ్డోడు నీకు తెలుసుగా, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఇంటికి చేరినవాడు. వాడికీ ఇలాగే అయింది. డాక్టర్ గారు వెనక నుంచి తల పట్టుకుని బొటనవేలితో పెదవి పైకెత్తి చూపించారు. ముందు పళ్లు, కోరలు తెల్లగానే ఉన్నాయి. లోపల పై దవడలో పెద్ద పన్ను మీద మాత్రం పసుపూ గోధుమరంగూ కలిసిన గార, దాని అంచునే చిగురు మీద ఎర్రటి గీత. లాలాజలం నోట్లోకి వచ్చే దారి ఆ పన్ను దగ్గరే ఉంటుందట, అందుకే గార ముందు అక్కడ పేరుకుంటుంది. కింది దవడ చూపించినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఒక పన్ను మొదట్లో పెసరగింజలో సగం కూడా లేని ఎర్రచుక్క, చిగురే పన్ను మీదికి పాకినట్టు. దూదిపుల్లతో దాన్ని అలా తాకారో లేదో వాడి దవడ టకటకా వణికింది. పన్నుని శరీరమే కరిగించేసుకునే జబ్బు అది. మనకొచ్చే పుచ్చు వేరు, ఇది వేరు. ఆ పన్నుని సిమెంటుతో పూడ్చి లాభం లేదు, తీసెయ్యాల్సిందే. మత్తిచ్చి, ఎక్స్‌రే తీసి, పీకేశారు. ఇంటికొచ్చాక మెత్తటి తిండి పెడితే గిన్నె నాకేశాడు. మొత్తం పళ్లన్నీ తీయించుకున్న పిల్లులు కూడా హాయిగా తింటాయి. పిల్లి ఎలాగూ మనలా నమలదు, దాని దవడ పైకీ కిందకీ తప్ప పక్కలకి కదలదు. ముక్క కోసుకుని మింగేస్తుంది.

అన్నట్టు, అమ్మగారు పెట్టే పెరుగన్నం సంగతి కూడా ఇందులోనే ఉంది. ఆవిడ ప్రేమతో పెడుతున్నారు, నాకు తెలుసు. మా ఇంట్లోనూ బామ్మ కాలం నుంచీ పిల్లంటే పాలు, పెరుగన్నమే. కానీ పిల్లి పక్కా మాంసాహారి. దాని లాలాజలంలో పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమే లేదు. తీపి రుచి కూడా తెలియదు దానికి. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు పడవు, విరేచనాలవుతాయి. అసలు ముఖ్యమైనది టారిన్ అనే పోషకం. మన ఒళ్లు దాన్ని తయారు చేసుకుంటుంది, పిల్లి ఒళ్లు చాలినంత చేసుకోలేదు, అది మాంసం నుంచే రావాలి. చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె పలచబడి ఉబ్బిపోతుంది. పిల్లుల్లో వచ్చే ఆ గుండె జబ్బుకి టారిన్ లోపం కారణమని 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్లు తేల్చాక గానీ పిల్లుల తిండి కంపెనీలు దాన్ని పెంచలేదు. కుక్కల తిండి పిల్లికి పెట్టకూడదనేది కూడా ఇందుకే.

ఇంట్లోనే వండి పెడతామంటే చికెన్ షాపులో గుండెకాయలు అడుగు, వాటిలో టారిన్ బాగా ఉంటుంది. తొడ మాంసం కూడా రొమ్ము మాంసం కంటే మేలు. ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా అందులోనే కలిపి పెట్టు, టారిన్ ఆ నీళ్లలోకే దిగుతుంది. కార్జం మాత్రం రుచి చూపించినంతే. రోజూ కార్జమే పెడితే విటమిన్ ఎ ఎక్కువైపోయి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. పచ్చి చేప వద్దు, అది బి1 విటమిన్‌ని తినేస్తుంది. ఉడికించిన ఎముకలు వద్దే వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూర పులుసు ఒక్క చెంచా కూడా కలపొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పు, రక్తకణాలు విరిగిపోతాయి. ఇంత చేసినా ఇంటి వంటలో కాల్షియం, కొన్ని విటమిన్లు తగ్గుతాయి. అందుకే నేను ఎక్కువ భాగం కొన్న తిండే పెడతా. ప్యాకెట్ వెనక 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉందేమో చూడు. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది చిరుతిండి కింద లెక్క, దానితో పూట గడవకూడదు.

గట్టి గింజలు కొరికితే పళ్లు శుభ్రమవుతాయని షాపువాళ్లు చెప్తారు. మామూలు గింజ పన్ను మొన తగలగానే పగిలిపోతుంది, చిగురు దాకా రాసుకోదు. పళ్ల కోసమే చేసిన పెద్ద గింజలు వేరే ఉన్నాయి. 1997 నుంచీ పశువుల పళ్ల ఉత్పత్తుల్ని పరిశీలించి ముద్ర వేసే ఒక కౌన్సిల్ ఉంది, వీఓహెచ్‌సీ అంటారు. ఆ ముద్ర ఉంటే నమ్మొచ్చు. నాకైతే తడి తిండే ఇష్టం. పిల్లికి దాహం తక్కువ, మన బెజవాడ, గుంటూరు ఎండలకి నీళ్లు ఎలాగైనా లోపలికి వెళ్లాలి. తడి తిండిలో మూడొంతులు నీళ్లే.

ఇక బ్రష్ సంగతి. చిట్టికి ఇప్పుడే మొదలుపెట్టకు, నొప్పి మీద రుద్దితే జన్మలో నోరు ముట్టుకోనివ్వదు. ముందు వైద్యం, పుండు మానాక బ్రష్. పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అయిపోతుంది, అయ్యాక బ్రష్‌తో పోదు, అందుకే రోజూ చెయ్యాలి. నేను మొదట చికెన్ ఉడికించిన నీళ్లలో వేలు ముంచి నాకించేవాణ్ణి. తర్వాత అదే వేలికి గాజుగుడ్డ చుట్టి బుగ్గ లోపలికి, ఆ తర్వాత చిన్న బ్రష్. నోరు పూర్తిగా తెరవక్కర్లేదు. పెదవి ఎత్తి పళ్ల బయటివైపు రుద్దితే చాలు, లోపలివైపు నాలుక చూసుకుంటుంది. పేస్టు పిల్లులదే వాడాలి. మన పేస్టులో నురగ, ఫ్లోరైడు ఉంటాయి, పిల్లికి ఉమ్మేయడం రాదు.

ఇంకొక్కటి, ఇది మర్చిపోవద్దు. నొప్పిగా ఉందని లవంగ నూనె రాయొద్దు, పారాసిటమాల్ ముక్క అసలే వేయొద్దు. పిల్లి కాలేయం వాటిని విరగ్గొట్టలేదు. ఒక్క పారాసిటమాల్ బిళ్లతో ప్రాణం పోతుందిరా. ఇక్కడ ఒకచోట మత్తు లేకుండానే గార గీకిస్తామన్నారు, నేను వద్దని వచ్చేశా. పైకి పన్ను తెల్లగా కనిపిస్తుంది, జబ్బేమో చిగురు కింద ఉండిపోతుంది. అమ్మగారికి మత్తంటే భయమని చెప్పావు. ముందు రక్తపరీక్ష చేస్తారు, గొంతులో గొట్టం పెట్టి ఊపిరి చూసుకుంటూ చేస్తారు. ఆవిడతో నేను మాట్లాడతా.

గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో నోటి పరీక్షకి ఎప్పుడు రమ్మంటారో రేపు కనుక్కుని నీకు ఫోన్ చేస్తా. ఈలోగా చిట్టికి మెత్తగా నలిపి, గోరువెచ్చగా పెట్టు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే నా ఫోన్ కోసం ఆగకుండా దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిపో. పిల్లి పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది, చిట్టిలాంటి బొద్దు పిల్లికి మరీ ప్రమాదం. మూతున్న బుట్ట నా దగ్గరుంది, తెస్తా. నువ్వు అది రోజూ పడుకునే పాత టవల్ ఒకటి తీసి ఉంచు.

నీ
మామ