ముగ్గు పిండితో గీసిన వ్యాన్

కడియం,
ఆదివారం రాత్రి

చిన్నీ,

సామాను మోయడానికీ, ఊళ్లు తిరిగినప్పుడు లోపలే పడుకోడానికీ ఏ వ్యాన్ కొనాలా అని నువ్వు పంపిన ఫొటోలు నేనూ అమ్మా రెండేసి సార్లు చూశాం. ఫోన్లో చెబితే మధ్యలో "సరే నాన్నా, సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

ఆ ఫొటోలన్నింట్లోనూ పరుపుంది, దిండ్లున్నాయి, లైట్ల దండ ఉంది. తడిసిన సర్ఫింగు బోర్డు ఎక్కడ పెడతారో ఒక్కదాంట్లోనూ కనపడలేదు. నీకేమో వారానికి రెండు పొద్దులు రుషికొండలో సర్ఫింగు, నెలకోసారి అరకు వైపు సైకిలు. నిద్రపోయేది ఎన్ని రాత్రులు? తడి సామాను మోసేది ఎన్ని రోజులు? నువ్వే లెక్కేసుకో.

మన పాత మారుతి ఓమ్నీ వ్యాన్ గుర్తుందా? నర్సరీ మొక్కలు వేసి దాన్ని పదిహేడేళ్లు తిప్పాను. కుండీలకి నీళ్లు పోసి అలాగే ఎక్కించేవాళ్లం, కింద ఒక గోనెపట్టా. ఏమవుతుందిలే అనుకున్నాను. ఒకరోజు రావులపాలెం వెళ్తుంటే కాలి కింద చల్లగా గాలి తగిలింది. బండి ఆపి పట్టా తీస్తే అరచేయంత కన్నం, అందులోంచి తారు రోడ్డు కనపడుతోంది. అవి మంచినీళ్లు, తల్లీ. నీవి ఉప్పునీళ్లు. ఏ వ్యాన్ కొన్నా తడి సామాను నేల మీద పెట్టకు. బోర్డు టాప్ మీద క్యారియర్‌కే కట్టు. తడి బట్టలకి మూతున్న ప్లాస్టిక్ డబ్బా పెట్టుకో, ఇంటికి రాగానే దాన్ని దింపి కడిగెయ్.

శనివారం టేపు జేబులో వేసుకుని రాజమండ్రి వెళ్లి మారుతి ఈకో వ్యాన్ లోపల కొలిచాను. షోరూం కుర్రాడు నన్ను వింతగా చూశాడు. సాయంత్రం డాబా మీద అమ్మ ముగ్గు పిండితో ఆ కొలతలకి గీతలు వేసింది. నేను గీస్తే వంకర పోయాయని నా చేతిలో గిన్నె లాక్కుంది. ముందు సీట్ల వీపు నుంచి వెనక డోరు దాకా ఆరడుగులకి కాస్త అటూ ఇటూ, వెడల్పు నాలుగడుగుల పైచిలుకు. చక్రాల దగ్గర ఉబ్బెత్తు ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకా తగ్గించి గీసింది. అందులో పడుకున్నాను. పాదాలు గీత దాటలేదు. నీ పాత సైకిలు ముందు చక్రం ఊడదీసి పక్కన నిలబెడితే హ్యాండిల్ నా చెవికి తగిలింది. అంటే ఒక మనిషి, ఒక సైకిలు పడతాయి. రెండో మనిషి వస్తే సైకిలు బయటికి. అమ్మని కూడా పడుకుని చూడమన్నాను, "ఎవరైనా చూస్తే నవ్వుతారు" అని కిందికి దిగిపోయింది.

దానికంటే పెద్దదైన టాటా వింగర్ కూడా గీద్దామంటే గీత నీళ్ల ట్యాంకు దాటింది. దాంట్లో మంచమూ రెండు సైకిళ్లూ పడతాయి, ఎత్తు టాప్ రకమైతే నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, కాదనను. ముందు చక్రాల డ్రైవ్ కాబట్టి ఇంజన్ నుంచి వెనక చక్రాలని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కింద ఉండదు, ఫ్లోర్ కిందికి ఉంటుంది, సామాను ఎక్కించడం సుఖం. కానీ బరువంతా వెనక వేసుకుని తడి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలికై జారతాయి. అరకు దారిలో అనంతగిరి మలుపుల్లో వానరోజు నాకది ఇష్టం లేదు. టెంపో ట్రావెలర్ మొండి బండి, ఎక్కడైనా మెకానిక్ దొరుకుతాడు. అయితే నువ్వు దాన్ని రోజూ ఆఫీసుకి తీసుకెళ్లాలి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దించాలి, అంత పెద్ద బండితో కష్టం. ఈకో ఎత్తు 1,825 మిల్లీమీటర్లు, అంటే ఆరడుగులు. క్యారియరూ బోర్డూ కలిపితే ఇంకో అడుగు. సెల్లార్ దూలం ఎత్తు కొలిచి నాకు చెప్పు.

నా ఓటు ఈకోకే. దాంట్లోనూ ఇంజన్ మన ఓమ్నీలో లాగే ముందు సీట్ల కింద ఉంటుంది, మే నెలలో కూర్చున్న చోట సెగ తగులుతుంది. అది నీకు ముందే తెలియాలి.

సెకండ్ హ్యాండ్ చూస్తున్నానన్నావు. వైజాగ్ బండి వద్దు, సముద్రపు గాలి తిన్నది. హైదరాబాద్ బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఎన్‌ఓసీ, తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలుపుకునే బేరమాడు. మ్యాట్లు పీకించి చూడు, చక్రాల పైన లోపలి రేకు చూడు, జారే డోరు కింద పట్టాలో వేలు పెట్టి చూడు. నాకు ఓమ్నీ అమ్మినాయన కొత్త మ్యాట్లు వేసి అమ్మాడు. ఆ మ్యాట్లు చూసి నేను తెగ సంబరపడ్డాను. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అది కొట్టేయించాకే డబ్బు ఇవ్వు. పసుపు నంబరు ప్లేటున్న కిరాయి బండి చవగ్గా వస్తుంది, కానీ ఫిట్‌నెస్ అనీ పర్మిట్ అనీ తిరగలేక చస్తావు. అంబులెన్స్‌గా తిరిగిన బండి ఒకటి బాగుంది, లోపలంతా ఖాళీ. అమ్మ ఒప్పుకోదు, దాని గురించి ఇంట్లో ఎత్తకు.

బండి కొన్నాక ఏదీ కోయించకు, వెల్డింగ్ చేయించకు. టాప్ లేపడం, సీట్ల సంఖ్య మార్చడం లాంటివి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయి. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆర్సీలో ఉన్న రూపం మార్చకూడదని చెప్పింది. రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు ముందు దాన్నే పట్టుకుంటాడు. మంచం విడిగా చేయిద్దాం. మూడు ప్లైవుడ్ పెట్టెలు పక్కపక్కన పెడితే మంచం, శుక్రవారం ఎక్కించి సోమవారం దించేసేలా. మన వడ్రంగికి చెప్పి ఉంచాను.

కరెంటుకి పెద్ద హంగులు వద్దు. 12 వోల్టులది, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీ ఒకటి, బండి బ్యాటరీతో సంబంధం లేకుండా. 30 వాట్ల ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగినా అందులో పావు వంతు కూడా ఖర్చవదు. కిటికీలకి దోమతెర కుట్టించు. ఉక్కగా ఉందని ఇంజన్ ఆన్ చేసి, ఏసీ వేసుకుని మాత్రం పడుకోకు. ఇంజన్ పొగలోని విషపు గ్యాసుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. లోపల స్టవ్ కూడా వెలిగించకు. ఈ రెండూ నాకు మాటివ్వు.

వచ్చే ఆదివారం బోర్డు తీసుకునే రా, బస్సువాడితో మాట్లాడుకో. గీతల పక్కన దాన్ని కూడా పెట్టి చూద్దాం. పడమట మబ్బు పట్టింది, ముగ్గు ఎన్నాళ్లు ఉంటుందో మరి.

నాన్న