దసరాకి చీరలు రావు, ఎందుకో చెప్తాను

మా షాపులో కలంకారీ చీరలకి దసరా ఆర్డరిచ్చి, తలా ఐదొందలు అడ్వాన్సు కట్టిన నలభై ముగ్గురికీ ముందుగా ఒక మాట. ఆ చీరలు రావండీ. ఆలస్యంగా కూడా రావు. అక్కడ తయారై మడతపెట్టి ఉన్నవాటిని కూడా నేనే వద్దన్నాను. మీ డబ్బు శుక్రవారంలోగా మీరు పంపిన నంబరుకే తిరిగొచ్చేస్తుంది. ఈ సంగతి ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెబుదామని మొదలుపెట్టి, ఏడో ఫోన్‌కి నాకే ఏడుపొచ్చి ఆపేశాను. అందుకని ఇలా రాస్తున్నా.

మన చీరలకి బందరు దగ్గర పెడనలో అచ్చు వేయించి ఇచ్చే అతనితో నాది పదకొండేళ్ళ లావాదేవీ. పేరు చెప్పను. మా అమ్మాయి పెళ్ళికి ముందు రోజే వచ్చి పందిట్లో కుర్చీలు సర్దిన మనిషి. వినాయక చవితి వెళ్ళిన మూడోనాడు, చెప్పకుండా బందరు బస్సెక్కి వెళ్ళాను. అనుమానం ఉండి కాదు, ఒక డిజైన్‌లో అంచు మార్పించాలని. మనిషి లేడు, టీకి వెళ్ళాడన్నారు. ఊరికే కూర్చోలేక షెడ్డు వెనక్కి నడిచాను.

అక్కడ చిన్న పంటకాలువ ఉంది. షెడ్డు గోడలోంచి బయటికొచ్చిన ప్లాస్టిక్ పైపు అందులోకే దిగుతోంది. పైపులోంచి పడే నీళ్ళు చిలకపచ్చగా ఉన్నాయి. నాలుగడుగుల అవతల ఒకావిడ గిన్నెల బుట్ట పక్కన పెట్టుకుని గట్టు మీద ఊరికే కూర్చుని ఉంది. ఏమ్మా, తోముకోవా అంటే, "ఎనిమిది లోపైతే నీళ్ళు బాగుంటాయమ్మా, ఇవాళ లేటైంది. ఇంకో గంటకి ఆ రంగు కిందకి పోతుందిలే" అంది. కోపం లేదు ఆ మాటలో. కరెంటు కోత వేళలు చెప్పినట్టు చెప్పింది.

మన చీర ఎలా తయారవుతుందో మీలో చాలామందికి నేను చెప్పీ చెప్పీ విసిగించిన కథే. గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టాలి. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే నలుపు. పటిక కలిపి అచ్చు వేసిన చోట ఎరుపు తేలాలంటే సురుడు చెక్క, జాజాకు వేసి రాగి పాత్రలో కాచాలి. తరవాత పారే నీళ్ళలో జాడించాలి. ఇందులో ఎక్కడా చిలకపచ్చ లేదు. నీలి మీద పసుపు ఎక్కిస్తే వచ్చే ఆకుపచ్చ వేరు, అది ముదురుగా, మందంగా ఉంటుంది.

పోయిన ఉగాదికి మీరంతా ఎగబడి కొన్న చిలకపచ్చ చీర గుర్తుందా? నాకూ అక్కడే, ఆ గట్టు మీదే గుర్తొచ్చింది. ఇరవై రెండు చీరలు నాలుగు రోజుల్లో పోయాయి. ఆ రంగు చూడగానే ఇది చెట్టు రంగు కాదే అని మనసులో ఒక మూల అనుకున్నాను. అతన్ని అడిగాను కూడా. "కొత్త మిశ్రమం అక్కా" అన్నాడు. అమ్ముడవుతోంది కదా అని ఇంకో ప్రశ్న వేయలేదు. "ప్రకృతి రంగులు" అని అచ్చేసిన చీటీ నా చేత్తోనే గుచ్చాను. ఈ తప్పు అతనిది కాదు, నాది.

అతను టీ తాగి వచ్చాక పెద్ద గొడవే జరిగింది, అదంతా ఎందుకులెండి. అతనన్న రెండు మాటలు మాత్రం చెప్పాలి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందా అంటే నవ్వి, "తొట్టి కట్టించాను కదక్కా, అందులో తేరుకున్న నీళ్ళే వదులుతున్నా" అన్నాడు. తొట్టి ఉంది, నిజమే. అందులో తుక్కు బట్టలు నిండి ఉన్నాయి. రెండో మాట ఇది: "ఐదేళ్ళ నుంచి మీరు నాకిచ్చే రేటు ఎంత పెంచారు? ఇరవై రోజుల్లో కావాలంటారు. కరక్కాయ ఇరవై రోజుల్లో ఆరుతుందా వానాకాలంలో? మీ కస్టమర్లకి తేడా తెలుసా అసలు?" రేటు మాటకి నా దగ్గర జవాబు లేదు. ఐదేళ్ళలో పెంచింది ఎనభై రూపాయలు. మీకు తేడా తెలియదన్నందుకు మాత్రం ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది.

"తేరుకున్న నీళ్ళు" అంటే నాకు హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు గుర్తొస్తుంది. మా మేనమామ అక్కడ ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం చేసేవాడు. 1990ల మొదట్లో వేసవి సెలవులకి వెళితే నక్కవాగు వైపు మమ్మల్ని వెళ్ళనిచ్చేవారు కాదు. మంజీరలో కలిసే వాగది. ఒకసారి దొంగతనంగా వెళ్ళి చూశాం, సబ్బు నురుగు లాంటిది గట్టుకి పట్టి ఉంది. మందుల కంపెనీలన్నీ కలిసి వ్యర్థాల శుద్ధికి అక్కడ ఉమ్మడి ప్లాంటు కట్టుకున్నాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చుకెక్కించిన పరిశోధన ప్రకారం, ఆ ప్లాంటులో శుద్ధి అయి బయటికొచ్చిన నీళ్ళలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాక సంగతండీ ఇది.

ఇక నేను తొమ్మిది రాత్రులు నిద్రపోని విషయం. ఒక పెద్ద కంపెనీ దీపావళికి తమ ఉద్యోగులకి ఇవ్వడానికి ఆరొందల కలంకారీ స్టోల్స్ ఆర్డరిచ్చింది. ఒక్కోటి ఆరొందల యాభై. మా షాపు చరిత్రలో అంత పెద్ద ఆర్డరు రాలేదు. లక్షన్నర అడ్వాన్సు కూడా వేశారు. ఆ పనంతా ఇతని దగ్గరే నడుస్తోంది. స్టోల్‌తో పాటు ఒక కార్డు పెట్టాలి. భూమికి హాని చేయని రంగులు, పల్లె చేతుల పని అని ఇంగ్లీషులో అందంగా రాసి, నా పేరూ వేశారు.

వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాను. సంక్రాంతికైతే నూట యాభై నిజమైనవి ఇస్తాను, రేటు తొమ్మిదొందలు. లేదా కెమికల్ రంగులవే తీసుకోండి, కానీ ఆ కార్డు ఉండకూడదు. కొనుగోళ్ళు చూసే అబ్బాయి నెమ్మదస్తుడే, ఏమీ విసుక్కోలేదు. "కార్డు పెట్టేయండి మేడమ్, ఎవరు చదువుతారు?" అన్నాడు. వాళ్ళ ఆఫీసులో కూర్చున్నప్పుడు నా ఎదురుగా గోడ నిండా మొక్కలు నాటుతున్న ఫోటోలే. ఒక ఫోటోలో ఒక్క మొక్కకి పదకొండు చేతులు లెక్కపెట్టాను.

ఆ ఫోటోల సంగతేమిటో మా ఆడిటర్ గారు చెప్పారు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అట. ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, 1000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ తన గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మంచి చట్టమే, దానివల్ల బడులకి మరుగుదొడ్లు వచ్చిన ఊళ్ళున్నాయి. కానీ ఆయన చెప్పిన ఇంకో ముక్క నాకు ముల్లులా గుచ్చుకుంది. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని ఆ లెక్కలోకి రాదు. ఊరి చివర మొక్క నాటితే వస్తుంది. తను కొనే గుడ్డ రంగు ఏ కాలువలో కలుస్తోందో కనుక్కుని, దానికోసం రెండొందల యాభై ఎక్కువిస్తే రాదు. లాభం వచ్చాక ఏం చేయాలో ఈ సెక్షన్ చెప్తుంది. ఆ లాభం ఎలా వచ్చిందన్నది వేరే చట్టాల పని, 1974 నాటి నీటి కాలుష్య చట్టం లాంటివాటిది. ఆ చట్టం కింద తీసుకోవాల్సిన అనుమతి పేరెత్తితేనే పెడనలో మనవాడు నవ్వింది.

మా అన్నయ్య కొడుకు ఎంబీఏ చదివాడు. వాడు నాతో వాదించాడు. "1970లోనే మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త చెప్పాడత్తా, రూల్సు దాటకుండా లాభం తేవడమే కంపెనీ బాధ్యత, మేనేజర్లు వాటాదార్ల డబ్బుతో దానధర్మాలు చేయకూడదని. నీకు వాటాదార్లు లేరు, నీ డబ్బు నువ్వు పోగొట్టుకుంటే ఆయనకీ అభ్యంతరం లేదు" అన్నాడు. పోగొట్టుకోవడం ఏమిట్రా అన్నాను. ఆ గట్టు మీద ఆవిడ రోజూ పోగొట్టుకుంటున్న గంట ఎవరి డబ్బు? దాన్ని ఏ వాటాదారుడికి లాభం కింద పంచారు? వాడు ఫోన్ చూసుకున్నాడు. నేను గెలిచానని కాదు, వాడికి ఆకలేసింది.

ఇదంతా వినడానికి నేనేదో ధైర్యంగా నిలబడ్డట్టు ఉంటుంది. లేదండీ. ఐదో రోజు రాత్రి కార్డు పెట్టేద్దామనే అనుకున్నాను. ఈ ఒక్కసారికి, వచ్చే ఏడాది నుంచి సరిచేసుకుందామని. కార్డు మీద నా పేరు లేకపోతే పెట్టేసేదాన్నేమో కూడా. చివరికి ఆర్డరు వదులుకున్నాను. లక్షన్నర తిరిగి కట్టాలి కదా, అప్పటికే లక్షా పదివేలు పెడనలో ఇచ్చేసి ఉన్నాను. అతను అరవై వేలు వెనక్కిచ్చాడు, మిగతాది గుడ్డ ఖర్చు అన్నాడు. అందుకని మా సందులో చీటీ పాట పాడుకున్నాను, బాగా నష్టానికే. ఆ కంపెనీకి ఇంకెవరో ఇస్తారు, కార్డుతో సహా. నాకది తెలుసు.

ఇప్పుడు మీ సంగతి. పోయిన ఏడాది, ఈ ఏడాది నా దగ్గర కలంకారీ కొన్నవాళ్ళు ఎవరైనా సరే చీర తీసుకురండి. చిలకపచ్చవైతే పూర్తి డబ్బు ఇచ్చేస్తాను, కట్టినవైనా సరే. మిగతా రంగుల్లో ఏది ఏదో చూసి చెప్తాను, అనుమానం ఉంటే దానికీ ఇస్తాను. అందరూ ఒకే రోజు రాకండి, దయచేసి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఫోటో పంపితే చాలు, తిరిగి పంపడానికయ్యే ఖర్చుతో ఇంకో చీరొస్తుంది.

ఇంకొకటి కూడా ఒప్పుకుని తీరాలి. "సహజ ఎరుపు" అని నేను అమ్మినవాటిలో చాలావాటికి వాడింది అలిజరిన్. అది ఫ్యాక్టరీలో తయారయ్యేదే, ఈ పనిలో ఎప్పటినుంచో ఉంది, అందరికీ తెలుసు అనుకుని నేనెప్పుడూ విడిగా చెప్పలేదు. ఇకనుంచి చీటీ మీద ఏ రంగు దేనితో వేశారో తెలుగులో రాసి ఉంటుంది. అలిజరిన్ అయితే అలిజరిన్ అనే రాస్తాను.

కొత్తగా పని ఇస్తున్నది రెండే రెండు అచ్చు బల్లలున్న ఒక కుటుంబానికి. నెలకి నలభై చీరలు, అంతకన్నా రావు. వేసవిలో కాలువలు కట్టేశాక అసలు రావు. వాళ్ళ జాడింపు నీళ్ళలోనూ పటిక, ఇనుము ఉంటాయి కదా అని, నిజంగా పనిచేసే తొట్టి కట్టిస్తున్నాం. అందులో ముప్పై ఐదు వేలు నావి. దాన్ని సేవ అని ఎవరూ అనకండి, గుడ్డ ఖర్చులో రాసుకున్నాను. కాబట్టి పద్నాలుగొందల యాభై చీర ఇకనుంచి పంతొమ్మిదొందలు. బేరం ఆడొద్దు. పదకొండేళ్ళు మీరు ఆడితే నేను తగ్గించాను, నేను అతని దగ్గర ఆడాను, అతను తొట్టిలో తుక్కు వేసుకున్నాడు. పద్నాలుగొందలకి పక్క వీధిలో దొరుకుతాయి, అక్కడ కొనుక్కుంటే నేనేమీ అనుకోను. అనుకుంటాననుకోండి, కానీ పైకి అనను.

మొదటి నలభై కార్తీకమాసంలో వస్తాయి. దసరాకి అడ్వాన్సు కట్టినవాళ్ళకే ముందు ఫోన్ చేస్తాను. చిలకపచ్చ చీరలు వెనక్కి తెచ్చేవాళ్ళు సాయంత్రం నాలుగు తరవాత రండి, నేనే ఉంటాను. బిల్లు పోయినా ఫరవాలేదు. ఆ ఇరవై రెండు చీరలూ ఎవరెవరు కొన్నారో నాకు గుర్తుంది.