అత్తగారి పేరు పెట్టి పిల్లని ఎలా కసిరేది?

ఏమే బేబీ,

ఎలా ఉన్నావ్? వాంతులు తగ్గాయా, ఏమన్నా తినగలుగుతున్నావా? మొన్న ఫోన్లో "మీ తమ్ముడి కూతురికి అలివేలు అని పెట్టారంటగా, ఎవరే ఆ ఐడియా ఇచ్చింది" అని ఒకటే నవ్వావు చూడూ, అప్పుడే చెప్పేదాన్ని గానీ పక్కనే మా అమ్మ ఉంది, ఆవిడ ముందు ఆ కథ చెప్పలేను. ఇప్పుడు అందరూ భోంచేసి పడుకున్నారు. నువ్వు కూడా కాళ్ళు చాపుకుని తీరిగ్గా చదువు, ఎందుకంటే ఇంకో మూణ్ణెల్లు పోతే నీ ఇంట్లో కూడా ఇదే గొడవ.

మా నాయనమ్మ నీకు గుర్తుందిగా, మనం కాలేజీ నుంచి బ్రాడీపేట ఇంటికి వస్తే మాగాయి వేసి అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఆవిడ పేరేంటో చెప్పు చూద్దాం. తెలీదు కదా! నీకే కాదు, మా తమ్ముడికీ తెలీదు. వీధి వీధంతటికీ మామ్మగారు, మా నాన్నకి అమ్మ, మా తాతయ్యకయితే "ఏమేవ్", అంతే.

ఆ పేరు బయటపెట్టింది మా మరదలు. తనది విజయవాడ, సత్యనారాయణపురం పిల్ల, సీమంతానికి మా ఇంట్లో అటక మీద సామాను దింపితే పాత ఇత్తడి గుండిగ ఒకటి దొరికింది, నల్లగా చిలుం పట్టి ఉంది. పనమ్మాయి చింతపండు పెట్టి తోముతుంటే అంచు కింద అక్షరాలు తేలాయి, ఇప్పట్లా మిషన్ తో కొట్టినవి కాదు, ఉలితో చుక్క పక్కన చుక్క కొట్టి రాసినవి. "చి.ల.సౌ. అలివేలు మంగతాయారుకి" అని ఉంది, ఎవరిచ్చారో ఆ పేరు అరిగిపోయింది. "ఈ అలివేలు ఎవరండీ?" అని మా మరదలు అడిగితే మా అమ్మ తల తిప్పుకుని "మా అత్తగారు" అంది గానీ ఆ పేరు మాత్రం నోటితో పలకలా.

తర్వాత పిల్ల పుట్టింది, కృత్తిక నక్షత్రం మొదటి పాదం. కృత్తికకి అ, ఈ, ఊ, ఏ కదా, మొదటి పాదం కాబట్టి 'అ' తో మొదలవ్వాలి అన్నారు పంతులుగారు. మా అమ్మ అప్పటికే అన్విక అని ఫిక్స్ అయిపోయి ఉంది. మా అపార్ట్‌మెంట్లో ఆల్రెడీ ఒక అన్విక, ఒక హన్విక, ఒక శాన్విక ఉన్నారే, సాయంత్రం కింద పార్కులో ఒకళ్ళని పిలిస్తే ముగ్గురూ చూస్తారు. మా మరదలు పడుకునే ఉండి "అలివేలు" అంది. అంతే, ఇంట్లో చప్పుడు లేదు. పాతకాలం పేర్లు పెట్టమని పెద్దవాళ్ళు పట్టుబడతారు, మనం వద్దంటాం అనుకుంటాం కదా, ఇక్కడ అంతా రివర్స్.

మా అమ్మ బాధ మోటు పేరని కాదు. "మా అత్తగారి పేరు పెట్టుకుని నేను పిల్లని ఎలా పిలిచేదే? రేపు అల్లరి చేస్తే ఎలా కసిరేది? అలివేలూ ఇటు రా, ముక్కు తుడుచుకో అని నా నోటితో ఎలా అనేది, కళ్ళు పోవూ" అంది. నాకు నవ్వొచ్చింది గానీ ఆలోచిస్తే మన పాత పేర్లన్నీ పోయింది ఇక్కడేనే. ఫ్యాషన్ మారి పోయాయి అంటారు గానీ అది సగమే. అత్తగారి పేరు, మామ్మ పేరు భక్తిగా పిల్లకి పెడతారు, పెట్టాక ఆ పేరుతో పిలవడానికి కోడలికి నోరు రాదు, పిలవకపోతే కుదరదు, అందుకని బుజ్జి, చిట్టి, అమ్మడు, పాప. పేరేమో సర్టిఫికెట్లో కూర్చుంటుంది, మనిషేమో బుజ్జిగా ముసలిదై పోతుంది. నిన్నే చూడు, నాగ వెంకట సీతామహాలక్ష్మివి, ఫస్టియర్లో అటెండెన్స్ తీసుకుంటూ సార్ ఆ పేరు చదివితే నువ్వే దిక్కులు చూశావ్, నేను గిల్లితే లేచావ్. నలభైకి దగ్గర పడుతున్నాం, ఇప్పటికీ బేబీవే కదే నువ్వు.

నేనేమో మరదలి పార్టీ. అయితే పాత పేరు కదా అని ఏది పడితే అది పెడతానంటే నేనూ ఒప్పుకోను. పుల్లమ్మ, పిచ్చమ్మ, పెంటమ్మ ఉన్నాయి చూడు, అవి ముద్దుకి పెట్టినవి కాదు, ఇద్దరు ముగ్గురు పిల్లలు పోయాక పుట్టిన పిల్లని ఎంగిలి విస్తరాకుల్లోనో పెంటకుప్ప మీదో ఒక్కసారి పెట్టి తీసి, ఇది ఎవరికీ పనికిరాని పిల్ల, దీన్ని వదిలెయ్యి అని చావుకి చెప్పుకోవడానికి పెట్టిన పేర్లు. అవి అక్కడే ఉండనీ. అలాగని మన అమ్మల పేర్లు కూడా ఇప్పుడప్పుడే కష్టం, పద్మజ, సుజాత, విజయలక్ష్మి అంటే బ్యాంకులో మేనేజర్ గారే కనిపిస్తారు నాకు. ఇంకో మెట్టు వెనక్కి వెళ్ళాలి, మామ్మలు, ముత్తవ్వల దాకా. మంగతాయారు, అనసూయ, అన్నపూర్ణ, కనకం, మాణిక్యం, వైదేహి, అబ్బ, ఎంత బావుంటాయో.

ఇంకోటి, మన వైపు పాత పేర్లు వింటే ఏ ఊరి మొక్కో తెలిసిపోయేదే. కోటేశ్వరమ్మ, కోటిరత్నం అంటే కోటప్పకొండ. తిరుపతమ్మ అంటే పెనుగంచిప్రోలు. రాజ్యలక్ష్మి అంటే మంగళగిరి నరసింహస్వామి పక్కన ఉండే అమ్మవారు. కనకదుర్గ సంగతి చెప్పక్కర్లేదు. మస్తానమ్మ చూడు, గుంటూరులో కాలే మస్తాన్ షా దర్గాకి మొక్కుకుని పెట్టుకున్నవాళ్ళు హిందువుల్లో ఎంతమందో, మస్తాన్‌రావులూ అంతే. తెనాలి దగ్గర గుడివాడలో యూట్యూబ్ వంటల మామ్మ ఉండేది, 2018లో పోయింది, ఆవిడా మస్తానమ్మే. ఇప్పుడు హైదరాబాద్‌లో పుట్టినా గుంటూరులో పుట్టినా అన్వికే.

మధ్యలో మా తమ్ముడు రాజీకి వచ్చాడు, "అటూ ఇటూ కాకుండా సిరి అని పెడదాం, షార్ట్‌గా మోడ్రన్‌గా ఉంటుంది" అని. 'అ' అక్షరం సంగతే మర్చిపోయాడు మహానుభావుడు! పైగా సిరి మోడ్రనా? నాగార్జునకొండ శాసనాల్లో 3వ శతాబ్దం ఇక్ష్వాకుల కాలం ఆడవాళ్ళ పేర్లు చూడు, చాంతిసిరి, బోధిసిరి. ఆ చాంతిసిరి రాజు చాంతమూలుడి తోబుట్టువు, అక్కడి మహాచైత్యం కట్టించింది ఆవిడే. మా నాయనమ్మ కంటే పదిహేడు వందల ఏళ్ళు పాత పేరురా నాయనా అంటే నోరెత్తలా.

21వ రోజు బారసాల చేశాం. మాది మూడో ఫ్లోర్, బావి ఎక్కడుంది, బావిలో చేద వెయ్యడానికి బదులు కుళాయికి పసుపు రాసి బొట్టు పెట్టి బిందె పట్టించారు. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో మా తమ్ముడు పేరు రాశాడు, వాడు తెలుగు చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో గానీ 'లి'కి గుడి ఎటు తిప్పాలో తెలీక బియ్యం అంతా చెరిపి మళ్ళీ రాశాడు, పంతులుగారు తొందరపెడుతున్నారు, మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మా ఇళ్ళల్లో మేనత్తే ముందు చెవిలో పిలవాలి, నేను పిలిచా. తర్వాత వరసగా అందరూ పిలిచారు. మా అమ్మ మాత్రం ఉయ్యాల దగ్గరకి వచ్చి "బంగారూ" అని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు అలాగే నడిచింది, పాపా, బంగారూ, అమ్మాయ్ గారూ. ఒకరోజు రాత్రి పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది, పాలు పట్టినా ఆపదు, ఎత్తుకున్నా ఆపదు, మరదలికి నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి, మా అమ్మ తీసుకుని హాల్లో తిప్పీ తిప్పీ విసుగొచ్చి "అలివేలూ! ఇంక చాలు, నోర్మూసుకుని పడుకో!" అని అరిచిందే. అరిచి, గోడ మీద నాయనమ్మ ఫొటో వైపు చూసింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నా. చూసి, పిల్లకి ఇంకాస్త దగ్గరగా వంగి, ఈసారి మెల్లిగా, చక్కగా సాగదీసి "అలివేలూ, చెప్తే వినాలమ్మా" అంది. అప్పట్నించీ ఆపితే ఒట్టు! అలివేలూ నూనె రాయించుకో, అలివేలూ కాళ్ళు ఆడించకు, అలివేలూ ఎదురు చెప్పకు. మొన్న మా పిన్నితో అంటోంది, "ముప్ఫై ఏళ్ళు ఆవిడ చెప్తే నేను విన్నా, ఇప్పుడు నేను చెప్తా, ఆవిడ వింటుంది". ఇదేనే ఫోన్లో చెప్పలేకపోయింది.

ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కటే తలనొప్పి. మొదటి ఐదక్షరాలు చూసి స్కూల్లో 'అలైవ్' అని చదువుతారని తమ్ముడి బెంగ. చదవనీ, తప్పేముంది, రెండ్రోజులకి నేర్చుకుంటారు.

నీకు పనికొచ్చేది ఒకటి చెప్తా. పేరు తేలలేదని హడావుడి పడి ఏదో ఒకటి ఇచ్చెయ్యకు. పుట్టినట్టు రిజిస్టర్ అవ్వాల్సింది 21 రోజుల్లో, అది ఆస్పత్రి వాళ్ళే పంపిస్తారు, పేరు ఖాళీగా ఉన్నా పర్లేదు. 12 నెలల లోపల ఫీజు లేకుండా పేరు రాయించుకోవచ్చు, ఆ తర్వాతయితే 15 ఏళ్ళ దాకా లేటు ఫీజుతో. కాకపోతే 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూలుకయినా పాస్‌పోర్టుకయినా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే చూస్తారు, అందుకని స్పెల్లింగ్ నీ కళ్ళతో చూసుకుని అప్పుడు సంతకం పెట్టు.

ఆడపిల్ల పుడితే అక్షరం ఏం వచ్చిందో వెంటనే చెప్పు, నా దగ్గర పేర్లు బోలెడున్నాయి. ఈలోగా మీ నాన్నగారికి ఫోన్ చేసి మీ మామ్మ పేరేంటో కనుక్కో. ఆయనకీ గుర్తు రాకపోతే మీ అటక మీద గిన్నెలు దింపించు, నువ్వు మాత్రం నిచ్చెన ఎక్కకు.

నీ
చిన్ని