పెట్రోలుకు ఉన్న తనిఖీ ప్రాణం నిలిపే మందుకు లేదా?

సంపాదకులకు,

పెట్రోలు బంకుల మీద తూనికలు, కొలతల శాఖ చేసిన దాడుల వార్త వారం కిందట మీ జిల్లా పేజీలో చదివాను. మంచి పని చేశారు. బంకులో అనుమానం వస్తే అయిదు లీటర్ల కొలపాత్ర తెప్పించి మన కళ్ల ముందే కొలిపించుకోవచ్చు. మరి ఐసీయూలో మనిషి నరంలోకి మందు ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపును ఎవరు కొలుస్తున్నారు?

నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఈమధ్య మా మరిదిని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేర్చాం. మంచం పక్కన రెండు సిరంజి పంపులున్నాయి, అంటే సిరంజిలోని మందును మెల్లగా నెట్టి ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపులు. ఒకదాని కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) గడువు దాటి ఏడాది పైనే అయిందని దాని స్టిక్కరే చెబుతోంది. రెండోదాని మీద స్టిక్కరు ఊడిపోయిన జిగురు మరక తప్ప ఏమీ లేదు. అందులో ఎక్కుతున్నది పడిపోయిన బీపీని నిలబెట్టే నార్ అడ్రినలిన్ మందు! అడిగితే "ఏం కాదమ్మా, బాగానే నడుస్తోంది" అన్నారు. నడవడం వేరు, సరిగ్గా కొలవడం వేరు. తెర మీద గంటకు అయిదు మిల్లీలీటర్లని చూపిస్తూ లోపలికి నాలుగే వెళితే బీపీ పడిపోతుంది. జబ్బు ముదిరిందనుకుని డాక్టరు డోసు పెంచుతారు. తర్వాత పంపు మార్చారంటే అదే డోసు ఎక్కువై బీపీ ఎగదన్నుతుంది. పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే, గంటకు ఒక్క మిల్లీలీటరు ఎక్కించే నెలలు నిండని బిడ్డల మాటేమిటి?

ఈ పరీక్ష బ్రహ్మవిద్యేమీ కాదు. పంపుల కొలత పరీక్షించే ఎనలైజర్ యంత్రం లేకపోయినా, పంపుతో నీళ్లు నడిపించి, వచ్చిన నీటిని మంచి త్రాసులో తూస్తే తేడా బయటపడుతుంది. మిల్లీలీటరు నీళ్లు గ్రాము తూగుతాయి. మామూలుగా అయిదు శాతం మించి తేడా ఉండకూడదు. సిరంజిల విషయం ఇంకా ఘోరం. సిరంజి లోపలి వ్యాసాన్ని బట్టే ప్లంజరును (మందును నెట్టే కాడను) ఎంత నెట్టాలో పంపు లెక్కేసుకుంటుంది. టెండరులో ఎవరు చవకగా ఇస్తే ఆ కంపెనీ సిరంజిలు కొని, పంపులో పాత కంపెనీ పేరే ఉంచేస్తే డోసు అక్కడే తప్పుతుంది.

అమెరికాలో 2005 నుంచి 2009 వరకు ఈ పంపుల మీద దాదాపు 56,000 ఫిర్యాదులు వచ్చాయని అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. మన దేశంలోనూ పరికరాల వల్ల జరిగే హాని నమోదు చేయడానికి మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లోనే మొదలైంది. ఆ పేరు ఎంతమంది సిస్టర్లకు తెలుసు? వాళ్లకు చెప్పిందెవరు? కొత్త ఐసీయూకు రిబ్బను కత్తిరించడానికి నాయకులూ అధికారులూ అందరూ వస్తారు. రెండేళ్ల తర్వాత అక్కడి పంపులు ఎలా ఉన్నాయో చూడటానికి ఒక్కరూ రారు. తనిఖీకి వచ్చినవాళ్లు కూడా ఫైల్లో సర్టిఫికెట్ చూసి సంతకం పెడితే ఏం లాభం? మంచం దగ్గరికి వెళ్లి చూడాలి.

విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలను పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. వాటి సాయం తీసుకుని జిల్లా వైద్యాధికారులు చెప్పాపెట్టకుండా ప్రభుత్వ, ప్రైవేటు ఐసీయూలకు వెళ్లాలి. గడువు దాటిన పంపును అక్కడికక్కడే పక్కన పెట్టించాలి. రోజుకు వేలకు వేలు బిల్లు కట్టే కుటుంబం ఆ స్టిక్కరు చూపించమని అడగవచ్చని ప్రతి ఐసీయూ తలుపు మీద తెలుగులో రాయించాలి.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి