అది పాము కాదు, చేప

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక పిల్లల పేజీలో ‘సముద్రపు అడుగున మింగే పాము’ అన్న శీర్షికతో ఒక బొమ్మ వేసి, దాని కింద నాలుగు వాక్యాలు రాశారు. మరునాడు మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఆ కాగితం ముక్కను జేబులోంచి తీసి, “సార్, ఇది కరిస్తే మనిషి ఎంతసేపు బతుకుతడు?” అని అడిగాడు.

బొమ్మలోనిది యూరిఫారింక్స్ పెలికనాయిడిస్ అనే లోతునీటి మలుగు. మలుగు అంటే పాములా సన్నగా పొడవుగా ఉండే చేప, దీనికి విషం లేదు. సముద్రపు పాము ఊపిరితిత్తులతో బతికేది కనుక గాలి కోసం నీటిపైకి రాక తప్పదు. ఈ మలుగు మాత్రం మొప్పలతో శ్వాసిస్తూ, 500 నుంచి 3,000 మీటర్ల లోతున, ఎండ పొడ సోకని నీటిలోనే బతుకుతుంది. 2018లో హవాయి దీవుల దగ్గర నాటిలస్ పరిశోధక నౌక దింపిన యంత్రపు కెమెరాకు ఇది 1,400 మీటర్లకు పైబడిన లోతున కనిపించింది. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అలాంటివి పదకొండు ఒకదానిపై ఒకటి నిలిపినా ఆ లోతు అందదు.

దీని ఒళ్లు మీటరుకు మించదు, అందులోనూ ఎక్కువ భాగం కొరడాలాంటి తోకే. నోరు గూడబాతు సంచిలా సాగుతుంది కానీ పళ్లు మరీ చిన్నవి. కడుపు కోసి చూసినవారికి ఎక్కువగా దొరికినవి రొయ్యల జాతి చిన్న ప్రాణులే. మీరు రాసిన ‘రాక్షసి’ అన్న మాట దానికి తగదు.

మూడేళ్ల కిందట వానాకాలంలో, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర ఒక వలలో ఏటి మలుగు పడింది. నేను వెళ్లేసరికే స్నానాలకు వచ్చినవారు పాము పామంటూ కర్రలతో కొట్టి చంపేశారు. చేతులకు బూడిద రాసుకుని ఎత్తి చూశాను. ఒళ్లంతా జిగట, తల వెనుక రెండు పక్కలా చిన్న రెక్కలు, వాటి ముందు గోటి గాటంత మొప్ప చీలిక. “ఇది చేపనే సారూ, చెప్తే ఇనరు” అన్నాడు వల వేసిన పెద్దాయన. చెరువుల్లో దొరికే పాపెర చూడటానికి దీనిలాగే ఉన్నా అది వేరే కుటుంబం. ఏటి మలుగు సముద్రంలో ఆకులాంటి పారదర్శకమైన పిల్లగా పుట్టి, నదిలోకి ఎదురీది వచ్చి, ఏళ్ల తరబడి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రానికే పోతుంది. దారిలోని ఆనకట్టలే దానికి చాలినంత కష్టం. మీరు బొమ్మ వేసిన లోతునీటి మలుగు పిల్ల కూడా అదే ఆకు రూపంలో పెరుగుతుంది.

కాబట్టి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, మొప్పలు కనిపించే బొమ్మతో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ కాగితం ముక్కను విద్యార్థి నా దగ్గరే వదిలి వెళ్లాడు. మీ సవరణ రాగానే రెండింటినీ పక్కపక్కన తరగతి గోడకు అంటిస్తాను.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా