ఉత్తర్వులో లేని సంగతులు: న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. విడిపోయిన దంపతుల మధ్య పిల్లల కస్టడీ తగాదాలలో చాలా ఏళ్లుగా కౌన్సెలరుగా పనిచేస్తున్న అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను. నేను కోరేది ఒక్కటే. కస్టడీ ఎవరికన్న వాదన ముదరకముందే, పిల్లల రోజువారీ జీవితం ఎలా సాగాలో తల్లిదండ్రుల చేత వివరంగా రాయించే ఏర్పాటును, అందుకు తగిన శిక్షణ పొందిన సిబ్బందిని ప్రతి కుటుంబ న్యాయస్థానంలోనూ ప్రభుత్వ ఖర్చుతో కల్పించండి.

"నెలలో రెండు ఆదివారాలు తండ్రి వద్ద" అని ఉత్తర్వు ఇవ్వడంతో న్యాయస్థానం పని ముగుస్తుంది. ఎన్ని గంటలకు, ఎక్కడ అప్పగించాలి, జ్వరం వస్తే ఏం చేయాలి, పరీక్షల వారంలో ఆదివారం మారుతుందా, ఫోన్ ఎప్పుడు చేయవచ్చు అన్న సంగతులు చాలాసార్లు అందులో ఉండవు కనుక, ప్రతిదీ మరో తగాదాకు తావిస్తుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో తొమ్మిదేళ్ల పిల్లవాడి లెక్కల నోటుపుస్తకం తండ్రి ఇంట్లో ఉండిపోయింది. తల్లి ఫోన్ చేసి అడగలేదు, చూసి కూడా తండ్రి పంపలేదు. చివరకు అది లాయరు నోటీసులో మూడో పేరాగా తేలింది. నాన్న దగ్గర మరిచిపోయానంటే అమ్మకు కోపం వస్తుందని భయపడి, పుస్తకం పారేసుకున్నానని టీచరుతో అబద్ధం చెప్పి వాడు రెండు రోజులు తరగతిలో నిలబడ్డాడు.

ఇలాంటి తల్లిదండ్రులకు "పిల్లల కోసం సర్దుకుపొండి" అని హితవు చెప్పడం వృథా. మొదట్లో నేనూ అదే చెప్పేవాణ్ని. పగ చల్లారని చోట కావలసింది సఖ్యత కాదు, ఎదురుపడే అవసరం లేని ఏర్పాటు. ఉదయం ఒకరు బడి దగ్గర దింపితే సాయంత్రం మరొకరు అక్కడి నుంచే తీసుకువెళ్లవచ్చు. చెప్పుకోవలసినది పిల్లవాడి నోట కబురుగా పంపకుండా, అతని విషయానికే పరిమితమై, రాతలో చెప్పుకోవచ్చు. రెండు ఇళ్ల పద్ధతులూ ఒక్కలాగే ఉండనవసరం లేదు. పసివాళ్లను తక్కువ వ్యవధిలో తరచుగా కలవాలి, ఎదిగిన పిల్లల స్నేహాలకూ ఆటలకూ చోటు ఉండాలి గనుక తల్లిదండ్రులు రాసుకున్న ఏర్పాటును పిల్లల వయసుతో పాటు మార్చుకుంటూ రావాలి.

అయితే హింస ఉన్న ఇళ్లకు ఈ మాటలేవీ వర్తించవు. మధ్యవర్తిత్వం పేరిట దెబ్బలు తిన్న మనిషిని, కొట్టిన మనిషిని ఒకే గదిలో కూర్చోబెట్టకూడదు. మొదటే ఇద్దరినీ విడివిడిగా విచారించడం తప్పనిసరి చేయాలి. అవసరమైతే పర్యవేక్షణలో మాత్రమే కలిసే చోటు ఉండాలి, పూర్తిగా ఆపవలసి వస్తే ఆపాలి.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం, బిడ్డ శ్రేయస్సుకు విరుద్ధం కానంతవరకు, తల్లిదండ్రులిద్దరితోనూ క్రమం తప్పని సంబంధాన్ని బిడ్డ హక్కుగానే చెప్పింది. 12వ అధికరణం బిడ్డ అభిప్రాయం వినాలన్నది. వినడమంటే "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని తీర్పు భారాన్ని బిడ్డ నెత్తిన పెట్టడం కాదని సిబ్బందికి శిక్షణలోనే నేర్పాలి.

నేను వాడే నమూనా పత్రంలో మొదటి ప్రశ్న కస్టడీ గురించి కాదు, బిడ్డ రాత్రి ఎన్నింటికి నిద్రపోతుందన్నది. విడివిడిగా అడిగినప్పుడు, మరే విషయంలోనూ ఏకీభవించని ఇద్దరూ చాలాసార్లు ఒకే సమయం చెబుతారు. ఆ పత్రాన్ని మీ శాఖ పరిశీలనకు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక కుటుంబ కౌన్సెలరు